మీటింగ్ రికార్డింగులను తెలుగు రాతలోకి మార్చడం: "పంపగలమా" కాస్తా "పంపగలం" అయింది

గుజ్జు_గుమాస్తా · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎగుమతుల కాగితాలు చూస్తాను. ప్రతి సోమవారం పొద్దున మాకు ఆన్‌లైన్ మీటింగు. ఫ్యాక్టరీ నుంచి ముగ్గురం, చెన్నై ఆఫీసు నుంచి ఇద్దరు, తిరుపతిలో ఇంటి నుంచే లెక్కలు చూసే మేడమ్, వీళ్లు కాక కాయ కొనుగోళ్లు చూసే ఆయన. ఆయన ఎప్పుడూ దామలచెరువు మండీలో లారీల మధ్య నిలబడే మాట్లాడతారు. మాట తెలుగు, మధ్యమధ్య తమిళం, అంకెలు ఇంగ్లిషులో. గంట పైనే సాగుతుంది. ఆ రికార్డింగును మర్నాటికల్లా రాతలో పెట్టడం నా పని.

మొన్నటి దాకా వింటూ చేత్తోనే టైపు చేసేవాణ్ణి. మంగళవారమంతా దానికే పోయేది. చూసి చూసి ఒక ఆన్‌లైన్ సర్వీసుకు డబ్బు కట్టాను. పది నిమిషాల్లో మొత్తం రాసి ఇచ్చేసింది, కింద సారాంశం కూడా పెట్టింది. మొదటి రెండు వారాలు ఆఫీసులో అందరికీ వినోదమే. గుజ్జు తీపిని కొలిచే బ్రిక్స్‌ను అది "ఇటుకలు" అని రాసింది. "దామలచెరువులో లారీలు ఆగిపోయాయి" అన్న మాటకు చెరువులో లారీలు మునిగినట్టు సారాంశం ఇచ్చింది. మా ప్లాంటు మేనేజరు గోదావరి వైపు మనిషి, తోతాపురిని కలెక్టర్ కాయ అంటారు. "రేపు కలెక్టర్ పన్నెండు లారీలు వస్తుంది" అంటే, జిల్లా కలెక్టరు గారు పన్నెండు లారీలతో తనిఖీకి వస్తున్నట్టు తేలింది.

పోయిన వారం నవ్వు ఆగింది. చెన్నై సారు "జూన్ 20 లోపు ఆరు కంటైనర్లు పంపగలమా?" అని అడిగారు. ఇటు కంప్రెసర్ మోతలో మేనేజరు గారు "చూద్దాం సార్" అన్నారు. రాతలో పడింది ఇది: "జూన్ 20 లోపు ఆరు కంటైనర్లు పంపగలం. చూద్దాం సార్." సారాంశంలో అది "ఆరు కంటైనర్లు పంపాలని నిర్ణయించారు" అయింది. నేను చదవకుండానే పంపాను, తప్పు నాదే. చెన్నై వాళ్లు దాన్ని నమ్మి కొనుగోలుదారుకు మాట ఇచ్చేశారు. కంటైనరుకు 80 డ్రమ్ములు, డ్రమ్ముకు 215 కిలోలు. నూరు టన్నులకు పైగా గుజ్జు మాట. కాయ ఇంకా చెట్టు మీదే ఉంది.

మళ్లీ చేత్తో రాయడానికి వెళ్లిపోవాలా? మీలో ఈ పని చేసేవాళ్లు ఎలా చేస్తున్నారు?

రేణిగుంట_రిమోట్ · సోమవారం, రాత్రి 10:05

కలెక్టరు గారి దగ్గరే ఆగిపోయి నవ్వుకున్నాను, క్షమించాలి.

మీ అవస్థలో సగం శబ్దానిది. మీరు ఏడుగురు మాట్లాడేది ఒకే ఆడియోలో కలిసిపోయి ఉంటుంది. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే మనిషికే అర్థం కాదు, యంత్రానికి ఎక్కడ అవుతుంది? మీరు వాడేది జూమ్ అయితే సెట్టింగుల్లో రికార్డింగ్ విభాగంలో ఒక్కొక్కరి ఆడియోను విడి ఫైలుగా దాచే వీలుంది. అది పెట్టుకుంటే మండీ గోల మండీ ఫైలులోనే ఉంటుంది, ఎవరు ఏమన్నారన్న తగవు కూడా ఉండదు. కాకపోతే రికార్డు చేసేది కంప్యూటరులో అయి ఉండాలి. ఫోనులో ఉన్న జూమ్‌కు సొంత పరికరంలో రికార్డు చేసే సదుపాయం లేదు. గూగుల్ మీట్ అయితే మీటింగు ఏర్పాటు చేసినవారి డ్రైవ్‌లో ఒకే వీడియోగా పడుతుంది, అక్కడ విడదీయడానికి ఏమీ ఉండదు.

ఇంకో సంగతి. వీడియో మొత్తం ఎక్కించకండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో ఆడియో ఒక్కటే తీసి, 16 కిలోహెర్ట్జ్, ఒకే ఛానల్‌గా మార్చండి. మాట గుర్తించే మోడళ్లలో ఎక్కువ భాగం లోపల ఎలాగూ దాన్నే వాడతాయి. గంట రికార్డింగు వేవ్ ఫైలుగా 115 ఎంబీ అవుతుంది. మా ఇంట్లో కరెంటు పోయి ఇంటర్నెట్ ఫోను మీద నడిచేటప్పుడు ఈ తేడా నాకు బాగా తెలుస్తుంది.

హెడ్‌ఫోన్_అక్క · సోమవారం, రాత్రి 10:31

తిరుపతిలో ఇంటి నుంచే ఈ పని చేస్తాను, ఎనిమిదేళ్లయింది. మొదట్లో ఇంగ్లిషు డాక్టర్ల ఆడియోలు, ఇప్పుడు ఎక్కువగా తెలుగు మీటింగులు, ఇంటర్వ్యూలు.

ఒక మనిషి స్పష్టంగా మాట్లాడిన గంట ఆడియోకు నాకు నాలుగు గంటలు పడుతుంది. మీలాంటి ఏడుగురి మీటింగుకు ఏడు గంటలు అడుగుతాను. మంగళవారమంతా పోయేదని మీరన్నది తప్పేమీ కాదు, ఆ పనికి అంత సమయం పడుతుంది. మీ ఆఫీసు దాన్ని పనిగా లెక్క కట్టలేదు, అంతే.

ఇప్పుడు నేనూ యంత్రంతో మొదటి ప్రతి తీయించుకుంటాను. తర్వాత ఓట్రాన్‌స్క్రైబ్ అనే వెబ్‌సైటులో ఆడియో పైన, రాత కింద పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వింటూ దిద్దుతాను. అది ఉచితం, ఆడియో మన బ్రౌజరు దాటి బయటికి పోదు. వేగం కాస్త తగ్గించుకుంటాను. స్పీకరులో వినవద్దు, చెవులను కప్పే హెడ్‌ఫోను కొనుక్కోండి. పొద్దున మా వీధి గుడి మైకు ఆగిన తర్వాతే కూర్చుంటాను, అంత చాదస్తం ఉండాలి ఈ పనికి.

వినబడని చోట ఊహించి రాయవద్దు. నేను "స్పష్టంగా లేదు 12:35" అని సమయం వేసి వదిలేస్తాను. క్లయింటు వచ్చి విని పూరించుకుంటాడు. యంత్రంతో నాకున్న తగవు ఇదే. తెలియలేదు అనడం దానికి రాదు. వినబడకపోయినా ఏదో ఒకటి అందంగా రాసేస్తుంది.

ధ్వని_విద్యార్థి · మంగళవారం, ఉదయం 7:15

నేను చదివేది ఈ విషయమే కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

గుజ్జు గుమాస్తా గారు, మీ "పంపగలమా" కథ తెలుగుకు ప్రత్యేకమైన జబ్బు. మన వాక్యంలో ఎవరు, ఎప్పుడు, ఎన్ని అన్నవి ముందు వచ్చేస్తాయి. అవునో కాదో, ప్రశ్నో జవాబో తేలేది క్రియ తోక దగ్గర. ఆ తోక కూడా ఎంత? చాలాసార్లు ఒక్క అచ్చు నిడివి. పంపం అంటే పంపేది లేదని. పంపాం అంటే పంపేశామని. పంపుతాం, పంపుతామా. చెప్పం, చెప్పాం. మాట్లాడే మనిషి వాక్యం చివరికి వచ్చేసరికి ఊపిరి అయిపోతుంది, గొంతు తగ్గుతుంది. పైగా మీటింగు సాఫ్ట్‌వేర్లు మోతను అణిచేటప్పుడు సన్నని శబ్దాలను కూడా కోసేస్తాయి. అంటే మనకు అన్నిటికన్నా ముఖ్యమైన ముక్క అన్నిటికన్నా బలహీనంగా రికార్డవుతోంది.

ఇక మోడళ్ల సంగతి. చాలా ఉచిత పరికరాల లోపల ఉండేది విస్పర్ అనే, మాటను రాతగా మార్చే మోడల్. ఓపెన్‌ఏఐ 2022 సెప్టెంబరులో విడుదల చేసింది, ఎవరైనా దించుకుని సొంత కంప్యూటరులో నడపవచ్చు. దాన్ని 6,80,000 గంటల ఆడియోతో తయారు చేశారు కానీ అందులో ఇంగ్లిషేతర భాషలన్నిటికీ కలిపి వచ్చింది 1,17,000 గంటలు. ఆ 96 భాషల్లో తెలుగు ఒకటి. అది ఆడియోను 30 సెకన్ల ముక్కలుగా తీసుకుంటుంది. భాష ఏదో మనం చెప్పకపోతే మొదటి 30 సెకన్లు విని తనే తేల్చుకుంటుంది. మన మీటింగుల్లో మొదటి అర నిమిషం ఏముంటుంది? గుడ్ మార్నింగులు, ఆడియో వస్తోందా అన్న విచారణలు. అది ఇంగ్లిషు అని తీర్మానించుకుంటుంది, ఆ తర్వాత గంట సేపు తెలుగును ఇంగ్లిషులో విని ఏదేదో రాస్తుంది. భాష తెలుగు అని ముందే పెట్టండి.

అక్షరాల చిక్కు కూడా ఉంది. కంప్యూటరు అక్షరాలను దాచుకునే యూనికోడ్ (యూటీఎఫ్-8) పద్ధతిలో మన అక్షరం ఒక్కొక్కటి మూడు బైట్లు, గుణింతం పెడితే ఇంకో మూడు. ఈ మోడల్ రాసేది టోకెన్లనే చిన్న చిన్న రాత ముక్కల లెక్కన, ఒక 30 సెకన్ల ముక్కకు 224 టోకెన్లకు మించి రాయదు. ఇంగ్లిషుకు అది బోలెడు. తెలుగు మాట ఒక్కటే బోలెడు టోకెన్లు తినేస్తుంది కాబట్టి, గబగబా మాట్లాడేవాళ్ల ముక్క చివర తెగిపోవచ్చు. మళ్లీ చివరే, చూశారా.

మాట లేని చోట కూడా జాగ్రత్త. ఎవరో స్క్రీన్ చూపిస్తూ నిమిషం సేపు ఊరుకుంటే, వీక్షించినందుకు ధన్యవాదాలు అన్న తరహా వాక్యం పుట్టుకొస్తుంది. ఇంటర్నెట్ వీడియోల సబ్‌టైటిళ్ల నుంచి నేర్చుకున్న అలవాటు. మాట ఉన్న భాగాలను మాత్రమే ముందే ఏరి ఇచ్చే పద్ధతి వాడితే ఇది చాలావరకు పోతుంది.

బడిపంతులు_పుత్తూరు · మంగళవారం, ఉదయం 8:02

ఇంత తతంగం దేనికి? రికార్డింగు ఉండనే ఉంది కదా. అనుమానం వచ్చినప్పుడు వింటే పోతుంది.

గుజ్జు_గుమాస్తా · మంగళవారం, ఉదయం 8:20

మాస్టారు, కంటైనరు బయలుదేరిన తర్వాత అనుమానం వచ్చి ఏం లాభం? పైగా నిరుడు జూలైలో ఏ రేటు అనుకున్నామో వెతకాలంటే గంటల కొద్దీ వీడియోలు ఎవరు వింటారు? రాత అయితే ఒక్క మాట కొడితే దొరుకుతుంది.

ధ్వని విద్యార్థి గారు, మీరు చెప్పింది చదివి పోయిన వారం రికార్డింగు మళ్లీ విన్నాను. నిజమే, "పంపగలమా"లో ఆ చివరి దీర్ఘం మీద కంప్రెసర్ పడింది. నాకు వినబడింది, కానీ సారు మాట తీరు నాకు తెలుసు కాబట్టి వినబడిందేమో అని ఇప్పుడు అనుమానంగా ఉంది.

రేణిగుంట_రిమోట్ · మంగళవారం, ఉదయం 9:10

బ్రిక్స్, తోతాపురి, దామలచెరువు లాంటివి ముందుగా చెప్పే మార్గం ఉంది. విస్పర్‌కు మొదట్లో చిన్న ఉపోద్ఘాతం ఇవ్వవచ్చు. "తోతాపురి గుజ్జు, బ్రిక్స్, ఆమ్లత, డ్రమ్ములు, దామలచెరువు మండీ" అని ఒక వాక్యం రాసి పెడితే ఆ స్పెల్లింగుల వైపు మొగ్గుతుంది. కానీ దానికీ ఆ 224 టోకెన్ల హద్దే. తెలుగులో రాస్తే కాసిని మాటలకే నిండిపోతుంది కాబట్టి ముఖ్యమైనవే పెట్టండి. హద్దు దాటితే వెనకవి ఉంచుకుని ముందువి వదిలేస్తుంది.

కంప్యూటరు విషయం కూడా చెప్పాలి. పెద్ద మోడలుకు గ్రాఫిక్స్ కార్డులో 10 జీబీ మెమరీ కావాలి, మధ్య రకానికి 5, చిన్నదానికి 2. చిన్నదానితో తెలుగు రాయించుకుని చూసి అసలు ఈ వ్యవహారమే పనికిరాదని తేల్చేసేవాళ్లు చాలామంది. పెద్దదానితో చూడండి, నెమ్మదిగా నడిచినా సరే. రాత్రి పెట్టి పడుకోండి.

హెడ్‌ఫోన్_అక్క · మంగళవారం, ఉదయం 11:45

అంకెల గురించి ఎవరూ చెప్పలేదు. "పధ్నాలుగు పదహారు బ్రిక్స్ ఉంటే చాలు" అని మీవాళ్లు అంటారు కదా, అంటే 14 నుంచి 16. యంత్రం 1416 అని రాస్తుంది. ఒకటిన్నర, ముప్పావు, రెండుంబావు దగ్గర తడబడుతుంది. "ఏడెనిమిది లారీలు" అంటే 78 లారీలు వచ్చిన రోజు నాకు ఉంది, అది ఇసుక లారీల వ్యవహారం, పెద్ద గొడవే అయ్యేది. అంకె కనబడిన ప్రతి చోటా ఆగి వినండి. మిగతాది కళ్లతో చదివినా సరే, అంకెను చెవితోనే చూడాలి.

మీ మామిడి మాటల పట్టిక ఒకటి రాసి పెట్టుకుని, ప్రతి వారం వచ్చిన కొత్త తప్పును దానికి చేర్చండి. రెండు నెలల్లో మీ దగ్గర ఉన్నంత మంచి పట్టిక ఏ కంపెనీ దగ్గరా ఉండదు.

కోర్టు_వీధి · మంగళవారం, మధ్యాహ్నం 1:30

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. రికార్డు చేస్తున్నట్టు అందరికీ చెబుతున్నారా? మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. మనిషి గొంతు కూడా ఆ మనిషిని గుర్తుపట్టే సమాచారమే. ఐరోపా కొనుగోలుదారు ఎవరైనా మీటింగులో కూర్చుంటే అక్కడ 2018 మే నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే సమాచార రక్షణ చట్టం సంగతి కూడా చూసుకోవాలి. మొదట్లోనే "రికార్డు చేస్తున్నాం, రాతలోకి మారుస్తాం, ఎవరికైనా అభ్యంతరమా" అని ఒక మాట అడిగి, ఆ మాట కూడా రికార్డింగులో ఉండేలా చూసుకోండి.

ఇంకా ముఖ్యం, మీ రేట్లు, కొనుగోలుదారుల పేర్లు ఉన్న ఆడియోను ఊరూ పేరూ లేని ఉచిత వెబ్‌సైట్లకు ఎక్కించకండి. మా దగ్గరకు వచ్చే తగాదాల్లో చాలావాటికి మొదలు అజాగ్రత్తే.

లెక్కల_మేడమ్ · మంగళవారం, మధ్యాహ్నం 2:50

మాది ఇంకో కంపెనీ, కానీ కోర్టు వీధి గారి మాట చదివాక రాయాలనిపించింది. మా దగ్గర రికార్డింగు మొదలుపెట్టాక ల్యాబులో పని చేసే ఆడపిల్లలు మీటింగులో నోరు విప్పడం మానేశారు. ఇంతకుముందు "సార్, ఈ బ్యాచి రంగు బాగా లేదు" అని చెప్పేవాళ్లు. ఇప్పుడు ఎవరి మాటైనా పేరుతో సహా రాతలో పడి అందరికీ వెళుతుంది. ఒకసారి ఒక అమ్మాయి తడబడుతూ చెప్పిన వాక్యాన్ని యంత్రం ఉన్నదున్నట్టు దించింది, అది చదివి పైవాళ్లు నవ్వారు. అంతే, ఆ రోజు నుంచి మౌనం. రాత చాలా బాగుంటోంది, చెప్పాల్సిన మాటే అందులో లేదు.

హెడ్‌ఫోన్_అక్క · మంగళవారం, మధ్యాహ్నం 3:15

మేడమ్, అందుకే ఎంత మేరకు దించాలన్నది ముందే తేల్చుకోవాలి. కోర్టు పనికి, పరిశోధనకు తడబాటుతో సహా కావాలి. ఆఫీసు మీటింగుకు ఎందుకు? అ అ, అంటే, అదే, మళ్లీ మొదలుపెట్టిన వాక్యం, అన్నీ తీసేసి మాట అర్థం మారకుండా రాస్తాను. ఆ పిల్ల వాక్యాన్ని నేను రాసి ఉంటే "నాలుగో బ్యాచి రంగు ముదిరింది" అని ఒక్క ముక్కలో ఉండేది, నవ్వడానికి ఏమీ దొరికేది కాదు.

పాత_స్టెనో · మంగళవారం, రాత్రి 8:55

చిత్తూరులో స్టెనోగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి ఫోనులో ఈ చర్చ చూపించాడు. నాలుగు మాటలు రాస్తాను.

ధ్వని విద్యార్థి చెప్పిన జబ్బు కొత్తది కాదు నాయనా. ఐజక్ పిట్‌మన్ 1837లో షార్ట్‌హ్యాండ్ కనిపెట్టినప్పటి నుంచీ ఉంది. ఆ పద్ధతిలో హల్లులకు గీతలు, అచ్చులకు చుక్కలు, చిన్న అడ్డగీతలు. వేగం పెరిగేకొద్దీ అచ్చులు వదిలేస్తాం. నిమిషానికి 120 మాటల పరీక్షలో కూర్చున్నవాడికి చుక్కలు పెట్టే తీరిక ఎక్కడ? ఇంగ్లిషులో నడిచిపోతుంది, సందర్భం చూసి చదువుకుంటాం. తెలుగులోకి వచ్చేసరికి పంపం, పంపాం రెండూ ఒకే గీత. నోట్సు ఇంటికి తెచ్చుకుని రాత్రి చూస్తే, అధికారి గారు ఆ ఊరికి నీళ్లు పంపామన్నారో, పంపమన్నారో తెలియదు. పంపమనడం అంటే ఇంకొకరికి పురమాయించడం కూడా కాబట్టి మూడు అర్థాలు.

మా గురువు గారు టైపు ఇన్‌స్టిట్యూటులో మొదటి నెలలోనే చెప్పారు. అచ్చులన్నీ వదిలెయ్, క్రియ చివరి అచ్చును మాత్రం చచ్చినా వదలకు. వాక్యం చివర చుక్క పెట్టకుండా పెన్సిలు ఎత్తితే స్కేలుతో వేలి మీద ఒకటి పడేది. ముప్పై ఏళ్లు ఆ ఒక్క చుక్క మీదే నా ఉద్యోగం నిలబడింది.

రెండోది. మీటింగులో జరిగిన మాట వేరు, మీటింగులో తేలిన మాట వేరు. గుమాస్తా గారు ఆ రెండూ ఒకే కాగితం మీద పెడుతున్నారు. మేము మీటింగు ముగిసే ముందు నిలబడి, తేలిన అంశాలు ఒక్కొక్కటీ పైకి చదివేవాళ్లం. అధికారి గారు తల ఊపితేనే టైపు. ఊపకపోతే అక్కడే దిద్దుబాటు. మీ యంత్రం లేచి నిలబడి చదవలేదు కదా, ఆ పని మీరు చెయ్యండి.

ధ్వని_విద్యార్థి · మంగళవారం, రాత్రి 9:20

సార్, మీ గురువు గారు చెప్పింది మా ల్యాబు గోడ మీద రాయాలి.

మీ మాట పట్టుకుని ఒక విషయం. ఈ యంత్రాలు ఎంత బాగా రాస్తాయో కొలవడానికి నూటికి ఎన్ని మాటలు తప్పు పోయాయని లెక్కిస్తారు. తెలుగులో ఆ లెక్క రెండు వైపులా మోసం చేస్తుంది. "వస్తానన్నాడు" అన్నదాన్ని "వస్తాను అన్నాడు" అని విడదీసి రాస్తే అర్థం చెడలేదు, అయినా తప్పుల కింద పడుతుంది. "పంపగలమా"ను "పంపగలం" అని రాస్తే అర్థం తలకిందులు, అదీ ఒక్క తప్పే. అందుకే ప్రకటనల్లో కనబడే శాతాలను చూసి సర్వీసు ఎంచుకోవద్దు. మీ సొంత మీటింగులో పది నిమిషాలు ఇచ్చి, క్రియల చివరలు ఎన్ని సరిగ్గా వచ్చాయో మీరే లెక్క పెట్టండి.

మన భాషల కోసం ప్రత్యేకంగా తయారైన మోడళ్లు కూడా చూడండి. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ అనే పరిశోధన బృందం వాళ్లు ఇండిక్‌కన్‌ఫార్మర్ అనే మోడల్ లాంటివి అందరికీ ఉచితంగా పెట్టారు. వాళ్ల శ్రుతిలిపి అన్న సేకరణ ఆకాశవాణి వార్తల నుంచి తీసిన 12 భాషల ఆడియో, 6,400 గంటలకు పైగా ఉంటుంది, తెలుగు కూడా ఉంది. వార్తలు చదివేవాళ్లు క్రియలను ఎంత నిండుగా పలుకుతారో మీకు తెలుసు. మండీలో నిలబడి మాట్లాడేవాళ్లు అలా పలకరు. ఆ దూరం ఇంకా ఉంది.

తమిళం గొడవకు మాత్రం నా దగ్గర మంచి మందు లేదు. తెలుగు అని పెడితే తమిళ వాక్యాలను కూడా తెలుగు లిపిలో తెలుగులాగా రాసే ప్రయత్నం చేస్తుంది. అది చదివితే రెండు భాషలూ వచ్చినవాళ్లకు కూడా తల తిరుగుతుంది.

డీటీపీ_బాబాయి · మంగళవారం, రాత్రి 10:40

ఇంత చదువు నాకు లేదు కానీ ఒక హెచ్చరిక. ఎవరైనా దిద్దిన ప్రతిని ఊళ్లో డీటీపీ సెంటరుకు ఇచ్చి టైపు చేయిస్తుంటే, యూనికోడ్‌లో చేయమని ముందే చెప్పండి. మేము యూనికోడ్ కాని "అను" అన్న పేరున్న ఫాంట్లలో చేసేస్తాం, పుస్తకాలకు, పెళ్లి పత్రికలకు చేతులు అలా అలవాటు పడ్డాయి. ఆ ఫైలు మీ కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గీతలు కనబడతాయి, వెతికితే ఏ మాటా దొరకదు. ఒక సంఘం వాళ్లు రెండేళ్ల సమావేశాల రాతలు అలా చేయించుకుని, తర్వాత వెతకడం రావడం లేదని నా మీదకు వచ్చారు. మార్చే సాఫ్ట్‌వేరుతో మార్చి ఇచ్చాను, ఒత్తులన్నీ మళ్లీ దిద్దాల్సి వచ్చింది. డబ్బు తీసుకోలేదు లెండి.

బడిపంతులు_పుత్తూరు · బుధవారం, ఉదయం 6:50

నిన్న పొద్దున నేనన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. పంపం, పంపాం ఉదాహరణ ఈ రోజు తొమ్మిదో తరగతిలో చెబుతాను. హ్రస్వ దీర్ఘాలు దేనికని పిల్లలు అడిగితే ఇన్నాళ్లూ నూరు టన్నుల జవాబు నా దగ్గర లేదు.

గుజ్జు_గుమాస్తా · రెండు వారాల తర్వాత, మంగళవారం, సాయంత్రం 6:10

అందరికీ కృతజ్ఞతలు. ఏం చేశానో చెబుతాను.

మీటింగు ఇప్పుడు నా కంప్యూటరులో నుంచి నడుస్తోంది, ఒక్కొక్కరిదీ విడి ఫైలు. మొదట్లో అందరినీ అడుగుతున్నాను, రికార్డు చేయవచ్చా అని. ల్యాబు వాళ్ల మాటలు రాతలో పేరు లేకుండా "ల్యాబు" అనే వేస్తానని చెప్పాను, లెక్కల మేడమ్ గారి మాట చదివిన తర్వాత వచ్చిన ఆలోచన. రేణిగుంట రిమోట్ గారు ఒక సాయంత్రం ఫోనులో కూర్చోబెట్టి పెద్ద మోడల్ ఎక్కించి పెట్టారు. మా కంప్యూటరులో రాత్రి మొదలుపెడితే తెల్లారేసరికి అవుతుంది. మాటల పట్టికలో ఇప్పటికి 43 మాటలున్నాయి. ఇటుకలు పోయాయి. దామలచెరువు కొన్నిసార్లు వస్తోంది, కొన్నిసార్లు లారీలు మునుగుతున్నాయి. కలెక్టరు గారి గురించి మేనేజరుకే చెప్పాను, తోతాపురి అనండి సార్ అని. ఆయన ప్రయత్నిస్తున్నారు.

సారాంశం తీయించడం మానేశాను. రాతంతా కళ్లతో చదివి, అంకెల దగ్గర, క్రియల దగ్గర మాత్రం ఆగి వింటున్నాను. అలా వినడానికి మొత్తం రెండు గంటలు పడుతోంది. మంగళవారం మధ్యాహ్నం మళ్లీ నా చేతికొచ్చింది.

స్టెనో గారు చెప్పింది చేయడానికి మాత్రం మొహమాటం అడ్డొచ్చింది. అందరూ నాకంటే పెద్దవాళ్లు. నిన్న ధైర్యం చేసి, చివరి ఐదు నిమిషాలు నాకు ఇవ్వండి అని అడిగి, తేలిన అంశాలు పైకి చదివాను. మూడోది ఇలా చదివాను: "జూన్ 20 లోపు ఆరు కంటైనర్లు పంపగలమా అని మూడు వారాల కిందట చెన్నై ఆఫీసు అడిగింది. దానికి ఇంకా జవాబు రాలేదు."

కంప్రెసర్ మోత తప్ప ఏమీ వినబడలేదు కాసేపు. తర్వాత మేనేజరు గారు మైకు దగ్గరకు జరిగి, "మూడు. ఈ కాయతో మూడే అవుతుంది. రాసుకో, మూడు పంపుతాం" అన్నారు. చెన్నై సారు కొనుగోలుదారుతో తనే మాట్లాడతానన్నారు. కోపంగానే అన్నారు, కానీ అన్నారు.

పాత_స్టెనో · మంగళవారం, రాత్రి 8:30

శభాష్.

హెడ్‌ఫోన్_అక్క · మంగళవారం, రాత్రి 9:05

పంపుతాం అన్నారా, పంపుతామా అన్నారా?

గుజ్జు_గుమాస్తా · మంగళవారం, రాత్రి 9:12

ఆయన ఫైలు విడిగా తీసి మూడుసార్లు విన్నాను అక్కా. పంపుతాం.